పాత బట్టల యంత్రం చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మనకు శాసనాలు, నాణేలు, కోటగోడలు తోస్తాయి. పొలం దున్నుతుంటే పాత నాణెం ఒకటి దొరికితే దానిని జాగ్రత్త చేస్తాము. పెరటి వసారాలో తుప్పుపట్టి మూలబడిన బట్టలుతికే యంత్రాన్ని మాత్రం పాత ఇనుము కొనేవానికి తూకం వేసి ఇచ్చివేస్తాము. నిజానికి నాణెంమీద రాజు పేరు ఉన్నట్లే యంత్రంమీద తయారీదారు పేరు ఉంటుంది. ఏ కాలంలో ఎవరు ఎంత శ్రమపడినారో, ఆ శ్రమను తగ్గించుకొనుటకు ఏయే ఉపాయాలు పన్నినారో ఆ యంత్రంలోని ప్రతి భాగమూ చెబుతుంది. దానిని చదవడం మనం నేర్చుకోవాలి.

పాత యంత్రాన్ని ఇంటివద్దనే విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపించడం అనేక దేశాలలో కొందరికి ఇష్టమైన వ్యాసంగం. ఈ వ్యాసంలో అట్టి యంత్రం ఎట్లు పుట్టిందో, దానిని ఎట్లు బాగుచేయవలెనో చెప్పుకుందాము. ఈ రెండూ వేరువేరు విషయాలు కావు. ఒక భాగం ఎందుకు పుట్టిందో తెలియనివాడు దానిని బాగుచేయబోయి, దాని ఆనవాళ్లనే చెరిపివేయగలడు.

చాకిరేవులోని నాలుగు సూత్రాలు

బట్టకు పట్టిన మురికి ఎట్లు వదులుతుంది? జర్మనీలోని హెంకెల్ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అనే రసాయనజ్ఞుడు 1959లో దీనికి ఒక చక్కని లెక్క చెప్పినాడు. మురికి వదలుటకు నాలుగు కావాలి: రసాయనం, వేడి, కదలిక, కాలం. ఈ నాలుగింటిని ఒక వృత్తంలోని నాలుగు భాగాలుగా ఆయన చూపినాడు. వృత్తం ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఒక భాగం తగ్గితే మరొకటి పెరగాలి. నీరు చల్లగా ఉంటే సబ్బు ఎక్కువ కావాలి, లేదా ఎక్కువసేపు నానబెట్టాలి. సబ్బు తక్కువైతే ఎక్కువగా బాదాలి. దీనికి సిన్నర్ వృత్తమని పేరు.

ఈ వృత్తాన్ని చేతపట్టుకొని మన చాకిరేవుకు వెళ్లి చూద్దాము. రజకులు బట్టలను ముందు నీటిలో తడిపి, చౌడుమట్టి పట్టించేవారు. చౌడునేలలో వేసవిలో తెల్లగా పొంగివచ్చే ఆ పొడిలో సోడియం కార్బనేట్, సోడియం బైకార్బనేట్ అనే క్షారాలు ఉంటవి. క్షారం బట్టలోని జిడ్డుతో కలిసి దానిని కొంతవరకు సబ్బుగా మారుస్తుంది. ఇది రసాయనం. తరువాత ఆ బట్టలను నీరు మరుగుతున్న బానమీద పేర్చి ఉబ్బవేసేవారు. అడుగునుండి లేచిన ఆవిరి బట్టల మడతలగుండా పైకి ప్రాకుతుంది. ఇది వేడి. రాత్రి అంతా ఉబ్బలో ఉంచడం కాలం. తెల్లవారి రేవులో బండమీద ఉతికి, పారే నీటిలో జాడించడం కదలిక. సిన్నర్ వ్రాసిన నాలుగూ ఇక్కడ ఉన్నవి. క్షారము, ఆవిరి, కాలము మురికిని ముందే వదులు చేస్తాయి కనుక, బండమీది దెబ్బకు మిగిలే పని కొంత తగ్గుతుంది.

పట్టు, ఉన్ని వంటివి క్షారానికి ఓర్వలేవు. వాటికి కుంకుడుకాయ ఉన్నది. దానిలోని సాపోనిన్ అనే పదార్థం క్షారం లేకుండానే నురుగునిస్తుంది. నర్సీపట్నం ఎగువనున్న విశాఖ మన్యంలో కుంకుడుకాయ ముఖ్యమైన అటవీ ఫలసాయం. గిరిజనులు సేకరించే ఇట్టి ఫలసాయాన్ని కొనుటకే 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది. ఇక ఎవరి బట్ట ఎవరిదో తెలియుటకు నల్లజీడి రసంతో గుర్తు వేసేవారు. ఉబ్బకు గాని, క్షారానికి గాని చెరగని సిరా అది.

ఈ విద్య ఇంటి బట్టలకే పరిమితం కాలేదు. 17వ, 18వ శతాబ్దాలలో కోరమాండల్ తీరంనుండి ఐరోపాకు నూలుబట్ట ఓడలకొద్దీ పోయింది. మగ్గంనుండి దిగిన బట్ట మాసిన రంగులో, గంజితో బిరుసుగా ఉంటుంది. దానిని ఉతికి, ఎండబెట్టి, తెల్లగా చేసిన తరువాతనే ఎగుమతి చేసేవారు. నరసాపురం ప్రక్కన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానం ఉండిన మాధవాయపాలెం పేరుమీదనే ఒకరకం మెత్తని నూలుబట్టను ఇంగ్లీషువారు ‘మదపోలం’ అని పిలిచినారు. ఆ బట్ట తెల్లదనంలో నేతగాని పనితోపాటు రజకుని పని కూడా ఉన్నది. నిఘంటువులో ఊరి పేరు నిలిచింది, ఉతికినవారి పేరు ఒక్కటీ నిలువలేదు.

చేతితో త్రిప్పిన యంత్రాలు

ఐరోపాలోనూ ఉతుకు పని కష్టమైనదే. అక్కడ చలి ఎక్కువ, ఎండ తక్కువ. వేడినీటి తొట్టిలో బట్టలువేసి, కాళ్లవంటి కొయ్యలున్న ఒక దండంతో పొడిచి త్రిప్పేవారు. మొదటి యంత్రాలు ఈ దండానికి మూతను, పిడిని చేర్చి తయారైనవి. ఇంగ్లండులో 1691లోనే ఉతుకు యంత్రానికి సంబంధించిన పేటెంటు ఒకటి ఉన్నది. 1752లో లండనులోని ‘జెంటిల్మన్స్ మాగజైన్’ అనే పత్రిక ఇట్టి యంత్రపు బొమ్మను ప్రకటించింది. 1767లో జర్మనీలోని రేగెన్స్బర్గ్ నగరంలో యాకోబ్ క్రిస్టియన్ షెఫర్ తన యంత్ర నిర్మాణాన్ని పుస్తకంగా అచ్చువేసినాడు. ఈయన మతాచార్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మొక్కల నారతో కాగితం చేసే ప్రయోగాలు కూడా ఈయన చేసినాడు.

వీటన్నిటిలో బట్టలు నిలిచి ఉంటవి, కర్ర తిరుగుతుంది. 1782లో హెన్రీ సిడ్జియర్ అనే ఇంగ్లీషువాడు మరొక ఆలోచనతో పేటెంటు పొందినాడు. కొయ్యకడ్డీలతో చేసిన పీపాలో బట్టలువేసి, ఆ పీపానే నీటితొట్టిలో త్రిప్పడం ఆయన ఉపాయం. బట్టలు పీపాతోపాటు పైకి లేచి, తమ బరువుతో తామే క్రిందపడతాయి. బండకు వేసి కొట్టే పనిని ఇక్కడ భూమ్యాకర్షణ చేస్తున్నది. నేడు ముందువైపు తలుపు ఉండే యంత్రాలన్నిటికీ ఇదే మూలసూత్రం. కర్రను త్రిప్పే పద్ధతినుండి నేటి పైమూత యంత్రాలు వచ్చినవి. కనుక ఏ యంత్రాన్ని చూచినా, అందులో కదిలేది బట్టలున్న పీపాయా, నీటిలోని రెక్కయా అని ముందుగా విద్యార్థి చూడాలి. దానితో ఆ యంత్రం ఏ వంశానిదో తేలుతుంది.

ఉతకడంతో పని పూర్తికాదు, పిండాలి. ఇందుకు రెండు రోలర్ల మధ్య బట్టను పోనిచ్చి నీరు పిండే పరికరం 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. చెరకు గానుగను చూచినవారికి దీని పోలిక వెంటనే తెలుస్తుంది. ఇది తొట్టి అంచుకు బిగించి ఉంటుంది. పాత యంత్రాన్ని దూరంనుండి గుర్తుపట్టించేది ఈ రోలర్ల జతయే.

మోటారు వచ్చిన తరువాత

20వ శతాబ్దం ఆరంభంలో యంత్రానికి విద్యుత్ మోటారు అమర్చినారు. అనేక పుస్తకాలు ఆల్వా ఫిషర్ అనే అమెరికన్ దీనిని కనిపెట్టినాడని వ్రాస్తున్నవి. చికాగోలోని హర్లీ మెషీన్ కంపెనీ ‘థోర్’ అనే యంత్రాన్ని అమ్మిన మాట, ఫిషర్‌కు 1910 ఆగస్టు 9న పేటెంటు లభించిన మాట నిజమే. కాని అంతకుముందే విద్యుత్తుతో ఉతికే యంత్రానికి పేటెంటు ఇచ్చినట్లు అమెరికా పేటెంటు కార్యాలయపు రికార్డులలో ఉన్నది. మొదటివాడు ఎవరో నిర్ణయించలేము. ‘కనిపెట్టినవాడు ఎవరు?’ అన్న ప్రశ్నకు ఒక్క పేరు వ్రాయించడం మన పరీక్షలలో అలవాటు. ఉపాధ్యాయులు ఈ యంత్రాన్ని ఉదాహరణగా చూపి, అనేకమంది చేతులమీదుగా ఒక వస్తువు ఎట్లు తయారవుతుందో చెప్పవచ్చును.

1922లో అమెరికాలోని ఐయొవా రాష్ట్రంలో మేటాగ్ కంపెనీ ‘గైరాఫోమ్’ యంత్రాన్ని తెచ్చింది. అంతవరకు కదిలించే రెక్క మూతనుండి క్రిందికి వ్రేలాడేది. దీనిలో రెక్కను తొట్టి అడుగున అమర్చినారు. బట్టలను పట్టి ఈడ్చడానికి బదులు, రెక్క నీటిని త్రోస్తుంది. నీరు బట్టలగుండా దూరిపోయి మురికిని తీసుకుపోతుంది. 1937లో బెండిక్స్ కంపెనీ నీరు నింపుకొని, ఉతికి, జాడించి, పిండే పనులన్నీ తానే చేసే గృహయంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. అది తిరిగేటప్పుడు ఎంత ఊగేదంటే, దానిని నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చేది. 1948లో బ్రిటనులోని మెర్తర్ టిడ్విల్ అనే ఊరిలో హూవర్ కంపెనీ కర్మాగారం తెరచింది. చేతి రోలర్లున్న చిన్న యంత్రాలు అక్కడ లక్షలుగా తయారైనవి. ఆ కర్మాగారం 2009లో మూతబడింది.

మన ప్రాంతానికి ఆలస్యమెందుకు?

యంత్రం పుట్టినంతమాత్రాన ఇంటికి రాదు. అమెరికాలో 1930ల నడుమ పట్టణాల ఇళ్లలో పదింట తొమ్మిదింటికి విద్యుత్తు ఉండగా, పల్లెల సేద్యపు ఇళ్లలో పదింట ఒకదానికే ఉండేది. అందుకే మేటాగ్ కంపెనీ పెట్రోలుతో నడిచే చిన్న ఇంజనును అమర్చి పల్లెలకు యంత్రాలు అమ్మింది.

మన ఉత్తరాంధ్రలో 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైనది. డుడుమ జలపాతంవద్ద ఆంధ్ర, ఒరిస్సాలు కలిసి కట్టిన ఈ కేంద్రపు సామర్థ్యం క్రమంగా 120 మెగావాట్లకు చేరింది. ఇంత విద్యుత్తు వచ్చినా అది ముందుగా పరిశ్రమలకు, పంపులకు, దీపాలకు పోయింది. ఉతుకు యంత్రానికి విద్యుత్తుతోపాటు నిలకడగా వచ్చే కుళాయి నీరు, నీరు పోయే కాలువ, గట్టి నేల కూడా కావాలి. 1980ల చివర మన దేశంలో గృహయంత్రాల తయారీ ఊపందుకున్నది. పాండిచ్చేరిలో టి.వి.ఎస్., వర్ల్‌పూల్ కంపెనీలు కలిసి కర్మాగారం పెట్టింది అప్పుడే. అప్పుడు ఎక్కువగా చెల్లుబాటైనవి రెండు తొట్ల యంత్రాలు. ఒక తొట్టిలో ఉతకడం, రెండవదానిలో గిరగిర త్రిప్పి నీరు పిండడం. బిందెతో నీరు పోసినా ఇవి పనిచేస్తాయి. కరెంటు పోయివచ్చినా ఆగినచోటనుండి సాగుతాయి. మన నీటి, కరెంటు స్థితిగతులకు తగిన యంత్రాన్నే మనవారు ఎంచుకున్నారు.

కనుక నర్సీపట్నం వంటి ఊరిలో నేడు చేతికందగల పాత యంత్రం రెండు రకాలుగా ఉండవచ్చును. ఒకటి విదేశంనుండి ఎవరో తెచ్చిన రోలర్ల యంత్రం. రెండవది ముప్పై, ముప్పైయైదేళ్లనాటి మన రెండు తొట్ల యంత్రం. మొదటిది అరుదు, రెండవది వేగంగా పాత ఇనుములో కలిసిపోతున్నది. రెండూ కాపాడదగినవే.

విప్పేముందు

మొదటి నియమం: ఒక్క మరను కూడా విప్పకముందే వ్రాసుకోవాలి. యంత్రం వెనుక గాని అడుగున గాని చిన్న రేకు ఒకటి ఉంటుంది. దానిమీద కంపెనీ, సంఖ్య, వోల్టులు, సెకనుకు ఆవృత్తుల సంఖ్య, వాట్లు ఉంటవి. ఈ రేకు యంత్రానికి జన్మపత్రిక వంటిది. దానిని గీకరాదు, దానిపై రంగు వేయరాదు. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఫొటో తీసి, అక్షరాలు వ్రాసుకోవాలి. తరువాత యంత్రాన్ని నాలుగువైపులా ఫొటో తీయాలి. విప్పిన ప్రతి మరను ఏ రంధ్రంలోదో చీటీ వ్రాసి వేరువేరు డబ్బాలలో వేయాలి.

రెండవ నియమం: ‘నడుస్తుందేమో చూద్దాము’ అని ప్లగ్గు పెట్టరాదు. పాత తీగల రబ్బరు తొడుగు ఎండి పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. తొట్టి లోహం, నేల తడి. తొడుగు ఊడిన తీగ తొట్టికి తగిలితే, తొట్టిని ముట్టినవారి గుండెమీదుగా విద్యుత్తు నేలకు పోతుంది. కనుక పాత తీగలన్నీ మార్చాలి. మోటారు చుట్టకు, దాని లోహపు తొడుగుకు నడుమనున్న నిరోధాన్ని 500 వోల్టుల మెగ్గరుతో చూడాలి. అది కనీసం ఒక మెగోమ్ ఉండాలి. తక్కువైతే మోటారు తేమపట్టిందని, లేదా చుట్ట పాడైనదని అర్థం. వ్యవసాయపు పంపుల మోటార్లు చుట్టేవారు మన ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారిచేత ఈ పరీక్ష చేయించవచ్చును. మూడు పిన్నుల ప్లగ్గు, సరియైన ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల తేడాకే కరెంటును త్రుంచే రక్షణ పరికరం లేనిదే యంత్రానికి విద్యుత్తు ఇవ్వరాదు.

మోటారు ప్రక్కనుండే కెపాసిటరును కూడా జాగ్రత్తగా చూడాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలువ ఉండవచ్చును. తెలిసినవారిచేత దానిని ఖాళీ చేయించి మార్పించాలి. చాలా పాతవాటిలోని నూనె హానికరమైనది కావచ్చును, కనుక వాటిని కోసి చూడరాదు. ఈ పనులను విద్యార్థులు ఒంటరిగా చేయరాదు. పెద్దల ఎదుట, ఎలక్ట్రీషియను తోడుతో చేయాలి.

అమెరికా మోటారు, మన కరెంటు

అమెరికానుండి వచ్చిన యంత్రమైతే భౌతికశాస్త్ర పాఠం ఒకటి దొరుకుతుంది. అక్కడి విద్యుత్తు 115 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తులు. మనది 230 వోల్టులు, 50 ఆవృత్తులు. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మరు ఆవృత్తులను మార్చదు. నాలుగు ధ్రువాలున్న మోటారులో అయస్కాంతక్షేత్రం 60 ఆవృత్తులవద్ద నిమిషానికి 1800 సార్లు, 50 ఆవృత్తులవద్ద 1500 సార్లు తిరుగుతుంది. అంటే యంత్రం ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. బట్టలకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. మోటారుకు మాత్రం ఉన్నది. ఆవృత్తులు తగ్గి వోల్టులు తగ్గకపోతే ఇనుపగుండులో అయస్కాంత ప్రవాహం పెరిగి, కరెంటు ఎక్కువ లాగి, మోటారు వేడెక్కుతుంది. వోల్టులను కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి. 115లో ఆరింట అయిదు వంతులు సుమారు 96 వోల్టులు. ఇట్లు తగ్గిస్తే వేడి అదుపులో ఉంటుంది, కాని మోటారు సత్తువ కొంత తగ్గుతుంది, కనుక బట్టలు తక్కువ వేయాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే మన మోటారు బిగించి, పాతదానిని చీటీతో భద్రపరచవచ్చును.

తుప్పు, రబ్బరు, గేర్లు

తుప్పుపట్టిన ఇనుపభాగాలను ఉప్పుకాగితంతో గీకితే తుప్పుతోపాటు మంచి లోహం, అచ్చుగుర్తులు కూడా పోతవి. విద్యుద్విశ్లేషణ పద్ధతి మేలైనది. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి. తుప్పుపట్టిన భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణధ్రువానికి, మామూలు ఇనుపకడ్డీని ధనధ్రువానికి తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచాలి. కొన్ని గంటలలో తుప్పు వదులై, నల్లని మెత్తని పొరగా మారి, కుంచెతో రుద్దితే పోతుంది. ఈ పనిలో హైడ్రోజను వెలువడుతుంది కనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. కడ్డీగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, దానినుండి విషకరమైన క్రోమియం లవణాలు వస్తాయి. అల్యూమినియం భాగాలను ఈ నీటిలో వేయరాదు, క్షారం వాటిని తినివేస్తుంది. పాత యంత్రాలు కొన్నిటిలో తొట్టి, రెక్క అల్యూమినియంతో చేసినవే. పాత రంగులో సీసం ఉండవచ్చును కనుక దానిని పొడిగా రుద్ది దుమ్ము లేపరాదు.

రబ్బరు కాలానికి నిలువదు. బెల్టు, గొట్టాలు, నీరు కారకుండా ఆపే వాషర్లు మార్చక తప్పదు. రోలర్లమీది రబ్బరు గట్టిపడి పగిలితే, ముద్రణాలయాల రోలర్లకు రబ్బరు తొడుగు వేసేవారు దానిని తిరిగి వేయగలరు.

రెక్క యంత్రపు గేరుపెట్టెను విప్పినప్పుడు విద్యార్థులను పిలిచి చూపించాలి. మోటారు ఒకే దిక్కున తిరుగుతుంది. రెక్క మాత్రం సగం చుట్టు ఇటు, సగం చుట్టు అటు తిరగాలి. ఒకే దిక్కున తిరిగితే బట్టలు త్రాడులా పెనవేసుకొంటవి. చక్రానికి అంచున తగిలించిన కడ్డీ ముందుకు వెనుకకు పోతూ, పండ్లున్న అర్ధచక్రాన్ని ఊపుతుంది. ఆ అర్ధచక్రం రెక్క ఇరుసును ఇటూ అటూ త్రిప్పుతుంది. చేయి ముందుకు వెనుకకు ఆడే తీరును ఇనుములో పోతపోసినట్లు ఉంటుంది. పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటే కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్తది పెట్టాలి. అరిగిన కంచు బుష్‌లను లేతు మిషనుపై చేయించవచ్చును.

రెండు తొట్ల యంత్రంలో ముఖ్యంగా చూడవలసినది పిండే తొట్టి. అది నిమిషానికి 1300 చుట్లు తిరిగితే, వ్యాసార్ధం 10 సెంటీమీటర్లైతే, అంచునున్న నీటిచుక్కపై త్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి సుమారు 189 రెట్లు. పైతరగతి విద్యార్థులు దీనిని తామే లెక్కకట్టవచ్చును. ఇంత వేగాన్ని క్షణాలలో ఆపేది మూతకు కలిపిన బ్రేకు. అందుచేత బ్రేకు, మూత స్విచ్చి సరిగా పనిచేయనిదే ఆ తొట్టిని త్రిప్పరాదు. రోలర్ల యంత్రంలో ఇట్టి రక్షణ రోలర్లను వెంటనే విడదీసే మీట. మోటారుతో తిరిగే రోలర్లలో వేళ్లు, జుట్టు, చేతులు చిక్కుకొని అనేకమంది గాయపడిన తరువాతనే ఆ మీట యంత్రంలో భాగమైనది.

మొదటి పరీక్ష బట్టలు లేకుండా, నీటితో మాత్రమే చేయాలి. తరువాత కొద్ది బట్టలు. సబ్బు పొడి చాలా తక్కువ వాడాలి. పాత రోలర్ల యంత్రాలు అనేకం సబ్బు కాలంలో పుట్టినవి. మన దేశంలో సర్ఫ్ 1959లోను, నిర్మా 1969లోను వచ్చిన తరువాతనే డిటర్జెంటు పొడులు ఇంటింటికి చేరినవి. వాటి నురుగు పొంగి మోటారుపై పడితే చేసిన శ్రమ అంతా వృథా.

ఏది ఉంచాలి?

బాగుచేసేవాడు కొత్తదానివలె మెరిపించాలని తొందరపడతాడు. రక్షణకు, నడకకు అవసరమైన భాగాన్ని మార్చాలి. తక్కినది ఉన్నట్లే ఉంచాలి. ఎనామిల్ అంచు చితికి ఉంటే, అక్కడ ఏళ్లతరబడి బిందె ఆనించినారని అర్థం. పిడి ఒకవైపే అరిగి ఉంటే, దానిని త్రిప్పినవారు ఏ చేతివాటంవారో తెలుస్తుంది. ఎక్కడో ఒక మరకు బదులు సైకిలు మర బిగించి ఉంటుంది. అది ఒకనాటి స్థానిక మెకానిక్కు సంతకం. వీటిని చెరిపితే యంత్రం మెరుస్తుంది, కాని అది చెప్పవలసిన సంగతులు పోతవి. తీసివేసిన భాగాలను పారవేయక ఒక పెట్టెలో ఉంచి, ఏది ఎందుకు మార్చినదీ ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి.

ఎవరి శ్రమ తగ్గింది?

యంత్రం శ్రమ తగ్గించిందని మనం సులువుగా అంటాము. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో ప్రకటించిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే గ్రంథంలో దీనిని పరీక్షించినారు. అంతకుముందు చాకలి స్త్రీకో, లాండ్రీకో ఇచ్చే బట్టలు యంత్రం రాగానే ఇంటికి తిరిగివచ్చినవి. ఒక్కొక్క విడత ఉతుకు తేలికైనది. కాని బట్టలు ఎక్కువైనవి, మార్చడం తరచైనది, పని అంతా ఇల్లాలి ఒక్కదానిమీద పడింది.

మనవద్ద మరొక మార్పు కూడా జరిగింది. రజక కుటుంబం ఇంటింటికి వచ్చి మాసిన బట్టలు తీసుకుపోయి ఉతికి తెచ్చేది. పంటకు ఇంత గింజలు, పూటకు ఇంత అన్నం దానికి ప్రతిఫలం. ఆ ఏర్పాటులో కులపు హెచ్చుతగ్గులు, చాలని కూలి ఉన్నవి. అది మారడం మంచిదే. అయితే దానితోపాటు ఏ చౌడు ఏ బట్టకు తగునో, ఉబ్బ ఎప్పుడు దింపాలో తెలిసిన విద్య కూడా వ్రాతలోకి ఎక్కకుండానే కనుమరుగవుతున్నది. సిడ్జియర్ పీపాకు, ఫిషర్ మోటారుకు పేటెంటు సంఖ్యలు ఉన్నవి. ఉబ్బకు లేదు.

పాఠశాలలు ఈ లోటును కొంత తీర్చగలవు. నర్సీపట్నంలోగాని, మరొక ఊరిలోగాని ఒక పాత యంత్రం దొరికితే దానిని బాగుచేసి ప్రయోగశాల మూలన నిలపవచ్చును. దాని ప్రక్కనే, ఊరిలోని వృద్ధులైన రజకులను అడిగి తెలుసుకొన్న ఉతుకు పద్ధతిని వారి మాటలలోనే వ్రాసి, వారి అనుమతితో వారి పేర్లతో పెట్టాలి. రెండింటికీ సిన్నర్ వృత్తం గీసి, ఏ భాగం ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో విద్యార్థులచేత పోల్పించాలి.

తుప్పు వదలగొట్టడానికి మనం వాడిన పదార్థాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకుందాము. సోడియం కార్బనేట్ స్ఫటికాలను మన రసాయనశాస్త్ర పుస్తకాలు నేటికీ చాకలి సోడా అనే వ్యవహరిస్తున్నవి. ఆ పేరు పాఠంలో వచ్చినప్పుడు, అది ఎవరి వృత్తినుండి వచ్చిందో, ఆ వృత్తివారికి ఆ లవణంగురించి ఏమేమి తెలుసునో ఉపాధ్యాయుడు రెండు నిమిషాలు ఆగి చెబితే బాగుంటుంది.